పాదాల పీట

తెల్లవారుజాము. దూలానికి కట్టిన చీర ఉయ్యాల ఒక్కసారి కదిలింది. లోపల మూడు నెలల బిడ్డ ఇంకా ఏడవలేదు. కాళ్ళు పొట్ట మీదికి ముడుచుకుని, మళ్ళీ చాపి, మొహం చిట్లించింది, అంతే. కింద చాప మీద పడుకున్న అమ్మమ్మ అప్పటికే లేచి కూర్చుంది. బిడ్డను రెండు చేతుల్లోకి తీసుకుని పెరటి వసారాలోకి నడిచింది. గోడవారగా ఉన్న పీట మీద కూర్చుని, పాదాలు రెండూ నాలుగు వేళ్ళ ఎడంగా పెట్టుకుంది. బిడ్డ తొడలు ఆ పాదాల మీద ఆనాయి, వీపు ఆమె కాళ్ళకు ఒరిగింది. చంకల కింద చేతులు వేసి పట్టుకుని, చెవి దగ్గర మెల్లగా "స్‌స్‌స్..." అంది. ఒకటి, రెండు, మూడు ఊపిర్లు. నాపరాయి మీద సన్నటి ధార పడింది.

"అయిపోయిందమ్మా, నా తల్లే!" అని చెంబుతో నీళ్ళు కుమ్మరించింది. పొడిగుడ్డ చుట్టి బిడ్డను తల్లి పక్కలో పడుకోబెట్టింది. బాలింత కళ్ళు కూడా తెరవకుండానే పాలు పట్టింది. ఇదంతా జరగడానికి పట్టిన సమయం ఐదు నిమిషాలు. ఉయ్యాల తడవలేదు, బిడ్డ ఏడవలేదు.

1980ల వరకు తెలుగు ఊళ్ళలో పుట్టిన వాళ్ళలో ఎక్కువమందికి జీవితంలో మొట్టమొదటి మరుగుదొడ్డి ఈ పాదాల జంటే. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ లోపు ఉన్న తల్లుల్లో ఆ కూర్చునే తీరు తెలిసినవాళ్ళు తక్కువ. పిల్లల్ని అలా కూర్చోబెట్టగల ఆఖరి తరం మోకాళ్ళ నొప్పుల వయసుకు వచ్చేసింది.

ఈ పనికి తెలుగులో పెద్ద పేరేమీ లేదు. 'టాయిలెట్ ట్రైనింగ్' అన్న మాటకు సరిపడే పాత తెలుగు మాట కోసం వెతికితే దొరకదు. ఇళ్ళలో వినిపించే మాటలు వేరు: ఉచ్చ పోయించడం, దొడ్డికి కూర్చోబెట్టడం, ఒంటికి తీసుకెళ్ళడం. అన్నీ పెద్దవాళ్ళు చేయించే పనులే. బిడ్డ నేర్చుకోవాలనో, పరీక్ష నెగ్గాలనో ఆ మాటల్లో ఎక్కడా ఉండదు. పోయించేది అమ్మమ్మ, కూర్చోబెట్టేది నాయనమ్మ, తీసుకెళ్ళేది పెద్దక్క. నేర్చుకోవలసిన విద్య ఏదైనా ఉంటే అది పెద్దవాళ్ళది. బిడ్డ ఎప్పుడు కదిలింది, ఎలా కదిలింది, ఏం కావాలని కదిలింది అని కనిపెట్టే విద్య. 'అలవాటు చేయడం' అనేవారు కానీ, ఆ అలవాటు ముందు పడేది వాళ్ళకే.

పురుడు రాకముందే ఏర్పాట్లు మొదలయ్యేవి. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ కాబట్టి, ఏడో నెల దాటగానే అమ్మమ్మ కాబోయే మనిషి ట్రంకుపెట్టె తెరిచి పాత నూలు చీరలు బయటకు తీసేది. కొత్త గుడ్డ పనికిరాదు. గంజి పోయి, పదేళ్ళు ఉతికి ఉతికి వెన్నలా అయిన చీర కావాలి. తాతయ్య పాత పంచె అయితే మరీ మంచిది. ఆరు గజాల చీరను అడ్డంగా ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కోదాన్ని రెండుగా చింపితే పదహారు గుడ్డలు వచ్చేవి. కత్తెర పెట్టేవారు కాదు. అంచు దగ్గర పంటితో గాటు పెట్టి, రెండు చేతులతో సర్రున లాగితే పోగు వెంట తిన్నగా చిరిగేది. జరీ అంచు, గట్టి బోర్డరు తీసేసేవారు, లేత చర్మానికి ఒరుసుకుంటుందని. ఇలాంటి చీరలు మూడో నాలుగో చింపితే ఒక పసిబిడ్డకు సరిపడా పొత్తిగుడ్డలు. బోర్డర్లు వృథా పోవు. ఉయ్యాల తాళ్ళుగానో, బొంత అంచుగానో తిరిగి వచ్చేవి.

'పొత్తిళ్ళలో బిడ్డ' అన్న మాట ఆ గుడ్డల నుంచి పుట్టిందే. నలభై ఏళ్ళు దాటిన మనిషిని కూడా "నిన్ను పొత్తిళ్ళలో చూశాను రా" అని పలకరించే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. ఆ మాట చెవిన పడినప్పుడు మెత్తటి పాత చీర వాసన గుర్తుకొచ్చేవాళ్ళూ ఉన్నారు.

రాత్రి పూట, ప్రయాణాల్లో మొలతాడుకు ముందూ వెనకా దోపిన గోచీ కట్టేవారు. మిగతా వేళల్లో బిడ్డ ఒంటి మీద మొలతాడు, దిష్టి చుక్క, మహా అయితే ఒక చొక్కా. అలా వదిలేయడం పేదరికం వల్ల మాత్రమే కాదు. కలిగిన ఇళ్ళలోనూ ఇదే తీరు. గుడ్డ అడ్డం లేకపోతేనే బిడ్డ సంగతి పెద్దవాళ్ళకు తెలిసేది. తడి తగిలితే బిడ్డకూ వెంటనే తెలిసేది. తడి అసౌఖ్యం, పొడి సుఖం అన్న తేడా ఒంటికి తెలియడమే ఆ పద్ధతికి పునాది.

ఇక ఆనవాళ్ళు. నిద్ర లేవగానే మొదటిది. పాలు తాగిన కాసేపటికి రెండోది. ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయి ఎటో చూడటం, ఒళ్ళు చిన్నగా జలదరించడం, మొహం ఎర్రబడి ముక్కడం, చక్కగా తాగుతున్న పాలు వదిలేసి మెలికలు తిరగడం. వీటిలో ఏది ఒంటికి, ఏది రెంటికి, ఏది ఉత్త గాలి బాధ అన్నది పదిమందిని పెంచిన చేతికి వెంటనే తెలిసేది. కొత్త తల్లికి పది రోజులు పట్టేది. "చూడవే, కాళ్ళు కొట్టుకుంటోంది, లే!" అని పక్కనుంచి అత్తో అమ్మో అరవగా అరవగా ఆమె కన్ను కూడా పదును తేలేది.

ఆ ముసలివాళ్ళు కళ్ళతో పట్టుకున్నదాన్ని తర్వాత వైద్యులు లెక్కలతో పట్టుకున్నారు. తొలి నెలల్లో పసిబిడ్డ దాదాపు గంటకోసారి మూత్రం పోస్తుంది. పొట్టలోకి పాలు దిగగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. అందుకే పాలు తాగిన పది, ఇరవై నిమిషాల్లో విరేచనం. గాఢనిద్రలో ఉన్న బిడ్డ సాధారణంగా పక్క తడపదు, పోయబోయే ముందు కొంచెం మెలకువలోకి వస్తుంది అని మూత్రాశయం పనితీరు మీద పరిశోధన చేసిన వైద్యులు 1990లలో గమనించారు. తెల్లవారుజామున ఉయ్యాల కదిలీ కదలకముందే అమ్మమ్మ లేచి కూర్చోవడానికి వెనక ఉన్న శాస్త్రం అదే. ఆమెకు ఆ శాస్త్రం పేరు తెలియదు, ఆ కదలిక తెలుసు.

"స్‌స్" అన్న శబ్దం కూడా ఊరికే చేసింది కాదు. మొదట్లో బిడ్డ పోస్తున్నప్పుడు పెద్దవాళ్ళు ఆ శబ్దం చేసేవారు. కొన్ని వారాలకు ఆ శబ్దమూ, ఆ కూర్చున్న భంగిమా, కింద తగిలే చల్లగాలీ కలిసి ఒక పిలుపు అయ్యేవి. పిలుపు వినగానే ఒళ్ళు వదులయ్యేది. ఇంటింటికీ శబ్దం కొద్దిగా మారేది. కొందరు "ఇస్స్" అనేవారు, కొందరు నాలుక పళ్ళకు ఆనించి సన్నగా ఈల వేసేవారు. అమ్మమ్మ ఇంటి నుంచి నాయనమ్మ ఇంటికి వచ్చిన బిడ్డ కొత్త శబ్దానికి రెండు రోజులు తడబడటం కూడా మామూలే.

ఏడాది నిండేసరికి, అంటే నడక వచ్చే వేళకు, బిడ్డే పెరటి వైపు వేలు చూపించేది, లేదా మొలతాడు పట్టుకుని నిలబడేది. ఏడాదిన్నరకు పగటి పూట పక్క తడిపే పిల్లలు అరుదు. రాత్రుళ్ళు తడపడం ఇంకా కొన్నాళ్ళు సాగేది. అందుకే బొంత కింద మందుల దుకాణంలో మీటరు లెక్కన కోసి ఇచ్చే రబ్బరు షీటు.

ఇందులో మనుషుల నేర్పు ఎంతో, ఇంటి కట్టుబడి కూడా అంతే. పేడతో అలికిన మట్టి అరుగు, పల్నాటి నాపరాళ్ళు, తెలంగాణలో షాబాద్ బండలు, వీటిలో ఏదైనా సరే, చెంబెడు నీళ్ళతో శుభ్రమయ్యే నేల. నులకమంచం మీద పడుకోబెడితే తడి కిందికి జారిపోయేది. పెరట్లో బావి, బావి దగ్గర అరటి పాదు. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం కష్టం. దండెం మీద గుడ్డలు రెండు రోజులైనా ఆరవు. అప్పుడు కుంపట్లో నిప్పులు వేసి, పైన వెదురు గంప బోర్లించి, దాని మీద గుడ్డలు పరిచేవారు. సాంబ్రాణి వాసన, తడి నూలు వాసన కలిసిన ఆ వేడి గుడ్డను బిడ్డకు చుట్టే ముందు అమ్మమ్మ ఒకసారి తన చెంపకు ఆనించుకుని చూసుకునేది, మరీ వేడిగా ఉందేమోనని.

ఆ గుడ్డలు ఎవరు ఉతికారన్నది కూడా చెప్పాలి. చాలా ఊళ్ళలో పురిటి గుడ్డలను ఇంటివాళ్ళు ముట్టుకునేవారు కాదు. మైల అన్న పేరుతో అవి చాకలి ఇంటి స్త్రీ చేతికి వెళ్ళేవి. పసిబిడ్డ మలం అంటిన గుడ్డలు, బాలింత గుడ్డలు ఆమె రేవుకు మోసి, ఉతికి, ఉడకబెట్టి, ఆరబెట్టి తెచ్చేది. ప్రతిఫలం కొన్ని గింజలు, పూటకింత అన్నం, పురుడు వెళ్ళాక ఒక చీర. ఆమె బిడ్డ ఆ సమయంలో ఎవరి పాదాల మీద కూర్చున్నదో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ పాత ఇంటి శుభ్రత గురించి ముచ్చటగా చెప్పుకునే ప్రతిసారీ ఆ స్త్రీ శ్రమను కూడా లెక్కలో వేయకపోతే ఆ జ్ఞాపకం సగమే.

మిగతా సగం భారం ఇంట్లో ఆడపిల్లల మీద. తల్లి పొలానికి వెళితే ఎనిమిదేళ్ళ పెద్దక్క తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగేది. ఉచ్చ పోయించేది, కడిగేది, ఉయ్యాల ఊపేది. ఆ పిల్ల బడికి వెళ్ళలేదు. నాట్ల కాలంలో గట్టు మీద చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల, దాని కింద గౌను కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడ్డ అక్క. ఆ దృశ్యం ఎంత అందంగా కనిపించినా, అక్షరం రాని ఆ అక్కలు ఇప్పుడు వేలిముద్ర వేసే అమ్మమ్మలయ్యారు.

ఇది తెలుగువాళ్ళ సొంత విద్యేమీ కాదు. భారతదేశంలో చాలా ప్రాంతాల్లో ఉంది. చైనాలో పిల్లలకు మధ్యలో చీలిక ఉన్న లాగులు తొడిగి, ఈలతో పోయించే ఆచారం తరతరాలది. వియత్నాం తల్లులు కూడా పుట్టిన కొన్ని వారాలకే సన్నటి శబ్దంతో మొదలుపెడతారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ వియత్నాం తల్లులను, పిల్లలను వరసగా గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల వయసుకే ఆ పిల్లలు తల్లి గుర్తుచేస్తే చాలు పాట్ మీద పోయగలుగుతున్నారని, రెండేళ్ళకు చాలామంది తమంతట తాము చూసుకుంటున్నారని తేల్చారు. అంతకన్నా ముందు, 1977లో, డెవ్రీస్ దంపతులు కెన్యా తీరంలోని డిగో తెగ గురించి అమెరికా పిల్లల వైద్య పత్రిక 'పీడియాట్రిక్స్'లో రాశారు. డిగో తల్లి నేల మీద కాళ్ళు చాపి కూర్చుంటుంది, బిడ్డను కాళ్ళ మధ్య తనకు వీపు ఆనేలా కూర్చోబెట్టుకుంటుంది, "షూస్" అని శబ్దం చేస్తుంది. ఐదారు నెలలకే వాళ్ళ పిల్లలు పగలూ రాత్రీ పొడిగా ఉంటున్నారని ఆ దంపతులు నమోదు చేశారు. ఆ వర్ణన చదివిన కోనసీమ అమ్మమ్మ ఎవరైనా ఉంటే, ఇందులో వింతేముంది అని అడిగి ఉండేది.

అమెరికాలో కూడా ఒకప్పుడు ఇంత ఆలస్యం లేదు. 1957లో సియర్స్, మకోబీ, లెవిన్ అనే ముగ్గురు పరిశోధకులు బోస్టన్ చుట్టుపక్కల 379 మంది తల్లులతో మాట్లాడి వేసిన పుస్తకం ప్రకారం, అక్కడ అలవాటు చేయడం సగటున 11 నెలలకు మొదలై ఏడాదిన్నరకు పూర్తయ్యేది. అయితే ఆ అలవాటులో గద్దింపు, దెబ్బలు చాలానే ఉండేవి. పిల్లలను గట్టిగా కూర్చోబెట్టి శిక్షించడం వల్ల మలబద్ధకం, భయం వస్తున్నాయని చూసిన పిల్లల వైద్యుడు టి. బెర్రీ బ్రేజెల్టన్ 1962లో కొత్త మాట చెప్పాడు: బిడ్డ సిద్ధమయ్యేదాకా ఆగండి. తన దగ్గరికి వచ్చిన 1,170 మంది పిల్లల వివరాలతో ఆయన రాసిన వ్యాసంలో పగటి అలవాటు పూర్తయిన సగటు వయసు 28.5 నెలలు. ఆయన ఉద్దేశం మంచిదే. బిడ్డను కొట్టకండి అని చెప్పడం ఎప్పుడూ మంచిదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరో పని జరిగింది. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో విక్టర్ మిల్స్ అనే ఇంజనీరు, మనవడి గుడ్డలు మార్చే పని నచ్చక, వాడి పారేసే డైపర్ మీద తన బృందాన్ని పెట్టాడు. 1961లో ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియా పట్టణంలో పాంపర్స్ మొదటిసారి అమ్మకానికి వచ్చింది. అక్కడ తాతగారు, ఇక్కడ అమ్మమ్మ. ఇద్దరి ముందూ ఉన్నది ఒకటే సమస్య. ఆయన యంత్రం వైపు వెళ్ళాడు. 1980లలో డైపర్ లోపలికి నీటిని పీల్చి జిగురుగా మార్చే పాలిమర్ రవ్వలు వచ్చాయి. దాంతో బిడ్డకు తడి తగలడమే ఆగిపోయింది. తడి తెలియని బిడ్డ ఎప్పుడు పోసిందో బిడ్డకూ తెలియదు, తల్లికీ తెలియదు. ఆగండి అన్న వైద్యుడి మాటకు ఇంకెంత కాలమైనా ఆగగలిగే సరుకు తోడైంది.

తెలుగు ఇళ్ళలోకి డైపర్ మొదట పెట్టెల్లో వచ్చింది. గల్ఫ్ నుంచి వచ్చిన బాబాయి సూట్‌కేసులో నాలుగు పాకెట్లు. వాటిని బీరువాలో దాచి పెళ్ళికో, రైలు ప్రయాణానికో ఒక్కోటి తీసేవారు. 1990లలో హగ్గీస్ దేశంలోనే అమ్మకానికి వచ్చింది. పట్నాల్లో మందుల షాపుల దాకా వచ్చింది, తర్వాత కిరాణా కొట్టు దాకా, ఆ తర్వాత పది రూపాయలకు ఒకటి అని విడిగా వేలాడదీసే పాన్ డబ్బా దాకా. లాగులా తొడిగే రకం వచ్చాక గోచీ కట్టడం రాని తండ్రులు కూడా మార్చగలిగారు. ఇది చిన్న విషయం కాదు. తెలుగు ఇంట్లో బిడ్డ అడుగు శుభ్రం చేసిన మగవాళ్ళ తరం డైపర్‌తోనే మొదలైంది. ఇప్పుడు తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే జపాన్ సంస్థ యూనిచార్మ్ కర్మాగారం ఉంది. సరుకు ఇక పరాయిది కాదు.

రోజుకు ఆరు లెక్కన ఏడాదికి 2,190. ఒక్కోటి పది రూపాయలనుకుంటే 21,900 రూపాయలు. మూడేళ్ళు వాడితే ఎంతో చదివేవారే వేసుకోవచ్చు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు డైపర్‌ను చుట్టి పారేయడానికి సంచి ఇవ్వాలని తయారీదారులను ఆదేశించాయి. చెరువు గట్ల మీద, మురుగు కాలవల్లో కనిపించేవి మాత్రం ఆ సంచి ఎరుగనివే.

ఈ మార్పుకు తల్లులను తప్పుపట్టడం అన్యాయం. రెండో అంతస్తు ఫ్లాటులో పెరడు లేదు. అమ్మమ్మ ఊళ్ళో ఉంది, లేదా ఆవిడే ఉద్యోగం చేస్తోంది. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగినా, అది సంఘటిత రంగంలో ఉద్యోగాలు చేసేవాళ్ళకే. ఆరు నెలలు నిండగానే బిడ్డ క్రెష్‌కు వెళితే, అక్కడ పదిమంది పిల్లలకు ఇద్దరు ఆయాలు. గంటకోసారి ఒక్కో బిడ్డను పాదాల మీద కూర్చోబెట్టడం వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఆ పాత పద్ధతికి కావలసింది చీర ముక్కలూ నాపరాయీ కాదు, బిడ్డ పక్కన రోజంతా ఖాళీగా ఉన్న రెండు కళ్ళు. ఆ కళ్ళు ఇప్పుడు ఏ ఇంట్లోనూ ఖాళీగా లేవు.

పాలమూరు నుంచి వలస వచ్చి హైదరాబాద్‌లో భవనాలు కట్టే తల్లులు మాత్రం ఇప్పటికీ ఇనుప చువ్వలకు చీర ఉయ్యాల కడుతున్నారు. ఆ బిడ్డలకు డైపర్ లేదు. కానీ నీళ్ళూ లేవు, పెరడూ లేదు, చూసే అమ్మమ్మా లేదు. దీన్ని పాత పద్ధతి బతికి ఉండటం అనలేం.

పాత పద్ధతిలో ఒక పెద్ద తప్పు కూడా ఉండేది. పాలు తాగే బిడ్డ మలం మలమే కాదని, దానివల్ల హాని లేదని పెద్దలు నమ్మేవారు. పాత పేపరు మీదో, మట్టి మీదో కూర్చోబెట్టి, కాస్త బూడిద చల్లి చేటలోకి ఎత్తి పెంటకుప్ప మీదో, వీధి కాలవలోనో పడేసేవారు. పసిబిడ్డ మలంలో రోగాలు పుట్టించే క్రిములు ఉంటాయి. పోలియో వైరస్ ముఖ్యంగా పాకింది మలం ద్వారానే. చుక్కల మందు ఇంటింటికీ తిరిగి వేస్తే తప్ప ఆ జబ్బు ఈ దేశాన్ని వదల్లేదు; చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో. బిడ్డను పాదాల మీద కూర్చోబెట్టినవాళ్ళు ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కున్నారా అన్న ప్రశ్నకు జవాబు చాలా ఇళ్ళలో బూడిదే, కొన్ని ఇళ్ళలో ఉత్త నీళ్ళే.

ఇంతలో ఈ విద్య సముద్రం దాటి పుస్తకాల్లోకి ఎక్కింది. లారీ బౌకీ అనే అమెరికా రచయిత్రి తన మూడో కొడుకు పసివాడుగా ఉన్నప్పుడు ఒక భారతీయ స్నేహితురాలి దగ్గర దీన్ని నేర్చుకుంది. 1991లో ఒక చిన్న పుస్తకం, 2000లో పెద్ద పుస్తకం రాసింది. 2001లో ఇంగ్రిడ్ బావర్ ఇండియా, ఆఫ్రికాల్లో తిరిగినప్పుడు చూసినదాన్ని తన పుస్తకంలో పెట్టి 'ఎలిమినేషన్ కమ్యూనికేషన్' అని పేరు ఇచ్చింది. మలమూత్రాల భాష అని చెప్పుకోవచ్చు. ఆ పుస్తకాలు కొని, ఆనవాళ్ళ పట్టీ రాసుకుని, చిన్న ప్లాస్టిక్ పాట్ పట్టుకుని బిడ్డ మొహం కనిపెట్టే తల్లిదండ్రులు ఇప్పుడు అక్కడ ఉన్నారు. లారీ బౌకీకి నేర్పిన ఆ స్నేహితురాలు ఏ ప్రాంతం మనిషైనా సరే, ఆమెకు నేర్పింది మాత్రం ఒక పీట, ఒక జత పాదాలు.

ఏటా తెలుగు జిల్లాల నుంచి వేలమంది తల్లులు కూతురి పురుడుకని అమెరికా విమానం ఎక్కుతారు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండనిస్తారు. వాళ్ళ పెట్టెల్లో ఇంగువ, సున్నిపిండి, వాము, కారప్పొడి, అడుగున ఎవరికీ చెప్పకుండా మడతపెట్టిన పాత నూలు చీర. అక్కడి ఇల్లు తివాచీ పరిచిన ఇల్లు. బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టినా తడి నేలలోకి ఇంకిపోతుంది. "అమ్మా, డాక్టర్ ఏడాదిన్నర దాకా ఏమీ వద్దన్నారు" అంటుంది కూతురు. "డాక్టర్ వద్దంది కొట్టొద్దని తల్లీ, ఎత్తుకోవద్దని కాదు" అంటుంది అమ్మమ్మ. చివరికి బాత్రూమ్‌లో, స్నానాల తొట్టె అంచున ముక్కాలి పీట వేసుకుని, తొట్టెలో పాదాలు పెట్టి, బిడ్డను కూర్చోబెట్టిన అమ్మమ్మలు ఉన్నారు. తలుపు అవతల నిలబడి ఆ శబ్దం విన్న కూతురు తనకే తెలియకుండా నవ్వింది. ఆ శబ్దం ఆమె ఎప్పుడో విన్నదే.

ఆరు నెలలు అయ్యాక అమ్మమ్మ తిరిగి వచ్చేస్తుంది. బిడ్డ మళ్ళీ డైపర్‌లోకి వెళుతుంది. కొందరు కూతుళ్ళు మాత్రం ఉదయం నిద్ర లేచిన వెంటనే, పాలయ్యాక, రోజుకు రెండుసార్లు ఆ తొట్టె అంచున కూర్చోవడం మానలేదు. రోజంతా కుదరదు, రెండు సార్లు కుదురుతుంది. ఆ రెండు సార్లే చాలని పిల్లల వైద్యులు కూడా కొందరు ఒప్పుకుంటున్నారు, బలవంతం లేనంత వరకు. బిడ్డ వీపు విల్లులా వంచి వద్దని చెబితే వెంటనే ఎత్తేయాలి. పాత అమ్మమ్మల్లో మంచివాళ్ళు చేసిందీ అదే: రెండు నిమిషాలు చూసి, రాకపోతే "ఇప్పుడు కాదులే" అని లేచేవారు.

1950లలో, 60లలో పుట్టి, ఇద్దరు ముగ్గురు పిల్లలను పాదాల మీద పెంచిన ఆడవాళ్ళు ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్ళ వయసులో ఉన్నారు. చాలామంది కింద కూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. మీ ఇంట్లో ఇంకా కూర్చోగల అమ్మమ్మో, నాయనమ్మో, జేజమ్మో ఉండి, ఆరు నెలల లోపు బిడ్డ కూడా ఉంటే, వచ్చే ఆదివారం పొద్దున్న బిడ్డ కళ్ళు తెరిచిన వెంటనే డైపర్ విప్పి ఆమె చేతికి ఇవ్వండి. ఆమెకు ఒక పీట వేసి, చెంబుతో నీళ్ళు, పక్కన సబ్బు పెట్టి, మీరూ కింద కూర్చుని ఆ పాదాలు ఎలా పెడుతుందో చూడండి.